నీళ్ళ లెక్కకు దాత ఎవరు?



కలువాయి నుంచి ఆత్మకూరు మీదుగా ఉదయగిరి దాకా బస్సులో పోతుంటే కిటికీలోంచి దాతల పేర్లు చదువుకుంటూ పోవచ్చు. బడి ప్రహరీ మీద ఒకరి పేరు, బస్టాండు సిమెంటు బల్ల మీద ఇంకొకరి పేరు, గుడి మండపం స్తంభానికో వంశం పేరు. ఎండాకాలమైతే చలివేంద్రం పందిళ్ళకు ఫ్లెక్సీలు. మన మెట్ట ప్రాంతం వాళ్ళు ఇవ్వడానికి వెనకాడే రకం కాదు. పంట చేతికొచ్చిన ఏడు అన్నదానానికి బియ్యం బస్తాలు దించి, పేరు కూడా చెప్పకుండా పోయేవాళ్ళున్నారు. బెంగుళూరులోనో అమెరికాలోనో ఉద్యోగం చేసే పిల్లలు సంక్రాంతికి వచ్చినప్పుడు ఊరికేదో ఒకటి చేసి పోవాలని చూస్తారు.

ఇటీవల ఈ వరసలోకి మంచినీళ్ళ ప్లాంటు వచ్చి చేరింది. చిన్న గది, లోపల స్టీలు గొట్టాలు, బయట కొళాయి, ఇరవై లీటర్ల క్యాన్లు పట్టుకుని నిలబడ్డ జనం. గది నెత్తిన బోర్డు. దాని మీద దాత పేరు, ఎవరి జ్ఞాపకార్థం కట్టించారో వాళ్ళ పేరు, రిబ్బను కత్తిరించిన నాయకుడి పేరు, తేదీ. ఆ బోర్డు మీద ఉండనిది ఒకటే. బోరులో నుంచి వచ్చే నీళ్ళలో ఫ్లోరైడు ఎంతుంది, కొళాయిలో నుంచి వచ్చేటప్పటికి ఎంత మిగిలింది అన్న లెక్క. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ లెక్కను గురించి. దాన్ని తీసేవాళ్ళకు, తీయడం నేర్చుకునేవాళ్ళకు, నేర్పేవాళ్ళకు మనం ఎందుకు డబ్బివ్వం అన్నదాన్ని గురించి.

నెల్లూరు జిల్లాలో ఈ మాట ఎత్తడానికి ఒక కారణం ఉంది. నీళ్ళలోని ఫ్లోరైడు మనిషి ఎముకల్ని పాడు చేస్తుందని మన దేశానికి మొట్టమొదట తెలిసింది నెల్లూరు జిల్లా మనుషుల ఒంటి మీద నుంచే. 1937లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్ అనే పత్రికలో, మద్రాసు ప్రెసిడెన్సీలోని ఫ్లోరోసిస్ మీద ఒక వ్యాసం అచ్చయింది. రాసినవాళ్ళు నలుగురు: షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్. షార్ట్ గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన శాస్త్రజ్ఞుడు. బర్నార్డ్ ఎక్స్‌రే నిపుణుడు. వాళ్ళు చూసింది వంగని నడుములను, పక్కకు తిరగని మెడలను, పళ్ళ మీద గోధుమరంగు చారలను. ఎక్స్‌రే తీస్తే వెన్నుపూసలు ఒకదానితో ఒకటి అతుక్కుపోయి కనిపించాయి. అన్నాళ్ళూ దాన్ని జనం వాతమనుకున్నారు, కర్మ అనుకున్నారు. అది తాగే నీళ్ళలో ఉందని తేలింది.

అప్పటి నెల్లూరు జిల్లా చాలా పెద్దది. పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు 1970లో కొత్తగా ఏర్పడ్డ ఒంగోలు జిల్లాలోకి పోయాయి. ఉదయగిరి, ఆత్మకూరు మనకు మిగిలాయి. కాగితం మీద జిల్లా గీత జరిగితే భూమి లోపలి రాయి జరగదు కదా. ఈ మెట్టంతా పాత గట్టి రాయి. అందులో ఫ్లోరైడు కలిగిన ఖనిజాలున్నాయి, అభ్రకం లాంటివి. నీళ్ళలో సున్నం తక్కువగా ఉండి క్షారగుణం ఎక్కువైనప్పుడు రాతిలోని ఫ్లోరైడు కరిగి నీళ్ళలోకి దిగుతుంది. వానలు తక్కువ, ఎండలెక్కువ, బోరు ఏటేటా లోతుకు పోతుంది. లోతుకు పోయినకొద్దీ నీళ్ళు ఆ రాతితో కలిసి ఉన్న కాలం పెరుగుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. మన దేశపు ప్రమాణం ఒక మిల్లీగ్రామే. వేరే నీళ్ళు దొరకని చోట ఒకటిన్నర దాకా ఒప్పుకుంటుంది.

ఇక్కడ ఒకటి గట్టిగా చెప్పాలి. కాచి చల్లార్చిన నీళ్ళు మంచివని మనకు చిన్నప్పటి నుంచీ నేర్పారు. కలరాకు, విరేచనాలకు, టైఫాయిడ్‌కు అది నూటికి నూరుపాళ్ళు నిజం. ఫ్లోరైడుకు అది పనికిరాదు. కాస్తే నీళ్ళు ఆవిరవుతాయి, ఫ్లోరైడు గిన్నెలో ఉండిపోతుంది. అంటే మిగిలిన నీళ్ళలో దాని పాలు పెరుగుతుంది. ఇది ఎంతమంది తల్లులకు తెలుసు? చెప్పేవాళ్ళు ఎంతమంది ఉన్నారు? ప్రజారోగ్య విద్య అనే పెద్ద మాట కిందకు వచ్చేది ఇలాంటి చిన్న విషయమే.

ఇదే సంగతి అమెరికాలో బయటపడడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది. కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊళ్ళో మెకే అనే పళ్ళ డాక్టరు 1901లో ప్రాక్టీసు పెట్టాడు. అక్కడి పిల్లల పళ్ళ మీద గోధుమ మచ్చలు చూసి, ఎందుకని అడగడం మొదలుపెట్టాడు. 1931లో గాని ఫ్లోరైడు పేరు బయటికి రాలేదు. తేల్చింది ఒక అల్యూమినియం కంపెనీలోని రసాయన శాస్త్రజ్ఞుడు. అక్కడ తేలిన ఆరేళ్ళకు ఇక్కడ షార్ట్ బృందం వ్యాసం వచ్చింది. ఆ రోజుల్లో ఓడల మీద పత్రికలు వచ్చే వేగానికి ఇది చాలా తొందరే. ఎక్కడో ఒకాయన పట్టువదలకుండా అడిగిన ప్రశ్న, గిండీలో ఒక లేబొరేటరీ, ఒక ఎక్స్‌రే యంత్రం. ఈ మూడూ ఉండబట్టి నెల్లూరు రైతు నడుము సంగతి తేలింది. ఈ షార్ట్ గారే తర్వాత 1948లో గార్న్‌హమ్ అనే శాస్త్రజ్ఞుడితో కలిసి, మలేరియా క్రిమి మనిషి కాలేయంలో దాక్కునే దశను పట్టుకున్నాడు. మనం ఆయన పేరు ఒక వీధికి కూడా పెట్టుకోలేదు. పోనివ్వండి, పెట్టుకున్నా ఎవరికీ నోరు తిరిగేది కాదు.

మద్రాసుకూ మనకూ మధ్య జరిగిన ఇచ్చిపుచ్చుకోవడం తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. మన నీళ్ళ సంగతి మద్రాసు వాళ్ళు మనకు చెప్పారు. మన నీళ్ళు మద్రాసుకు పోయాయి. 1983లో తెలుగుగంగ ఒప్పందం కుదిరింది. సోమశిల నుంచి కండలేరుకు, కండలేరు నుంచి పూండికి నీళ్ళు నడిచి 1996లో మద్రాసు చేరాయి. ఆ కాలువ మన కలువాయి పక్క నుంచే పోతుంది. ఆ మట్టికాలువ గట్లు జారి, నీళ్ళు దారిలోనే ఇంకిపోతుంటే, 2002లో శ్రీ సత్యసాయి సెంట్రల్ ట్రస్టు కండలేరు, పూండి మధ్య దాన్ని బాగు చేయించడానికి ముందుకొచ్చింది. 2004 నాటికి పని పూర్తయింది. అంతకు ముందు అనంతపురం జిల్లాలో ఏడు వందలకు పైగా ఊళ్ళకు అదే ట్రస్టు తాగునీళ్ళ పైపులు వేయించింది. తెలుగునాట తాగునీళ్ళకు ఒక ధర్మసంస్థ పెట్టిన ఖర్చులో అంత పెద్దది నాకింకొకటి తెలియదు. ఆ పైపులు ఏ ఊళ్ళకు ఎందుకు కావాలన్నది మాత్రం వేయకముందే ఎవరో కూర్చుని కొలిచి ఉంచారు. అనంతపురం బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఉందని సీసాలు పట్టుకుని తిరిగినవాళ్ళు చెప్పారు. పైపు వేయించిన దాతను మనం గుర్తుపెట్టుకుంటాం. సీసా మోసినవాడి జీతం ఎక్కడి నుంచి వచ్చిందని అడగం.

ఆ జీతానికి, ఆ చదువుకు ఒక దాత డబ్బిస్తే ఏమవుతుందో చెప్పడానికి నేను కాకినాడ పోవాలి.

కోరంగి తీరం నుంచి రంగూను వెళ్ళి, అక్కడ రేవులో వ్యాపారం చేసి బాగా సంపాదించిన మనిషి మల్లాడి సత్యలింగ నాయకర్. తన ఆస్తిని ధర్మానికి, చదువులకు రాసి వెళ్ళిపోయాడు. ఆయన పేరుతో కాకినాడలో ధర్మసంస్థ నడిచింది, ఎంతోమంది పేదపిల్లలు దాని నీడన చదువుకున్నారు. 1920ల మొదట్లో ఆ సంస్థ దగ్గరికి సాయం కోసం వెళ్ళిన వాళ్ళలో యల్లాప్రగడ సుబ్బారావు ఒకడు. భీమవరంలో 1895లో పుట్టాడు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుతూ, స్వదేశీ ఉద్యమం రోజుల్లో ఖద్దరు గౌను వేసుకుని ఆపరేషను గదికి వెళ్ళి దొర ఆచార్యుడికి కోపం తెప్పించాడు. చివరికి ఆయన చేతికి ఎంబీబీఎస్ పట్టా రాలేదు, దానికంటే చిన్నదైన ఎల్ఎంఎస్ వచ్చింది. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టక, విరేచనాలతో మనిషి ఎండిపోయే జబ్బు అది. ఆయనకే ఆ జబ్బు వస్తే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డాడు. ఉష్ణదేశాల జబ్బుల గురించి చదవాలన్న పట్టుదల ఆయనకు ఊరికే రాలేదు.

సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన మాట, పిల్లనిచ్చిన మామ కస్తూరి సూర్యనారాయణమూర్తి సమకూర్చిన డబ్బు, ఈ రెండూ కలిసి సుబ్బారావును అమెరికా ఓడ ఎక్కించాయి. హార్వర్డులో ఉష్ణమండల వైద్యం చదివాడు. చేతిలో డబ్బు చాలక బోస్టన్ ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని చేశాడు. 1925లో ఫిస్క్ అనే శాస్త్రజ్ఞుడితో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టాడు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరాడు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారు చేసి చూపించింది. అన్నదమ్ముల్ని మింగిన స్ప్రూకు అది మందయింది. అదే దారిలో వచ్చిన అమినాప్టెరిన్ అనే మందును సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు బ్లడ్‌ క్యాన్సర్ పిల్లలకు ఇచ్చి చూశాడు. క్యాన్సరును మందులతో లొంగదీయవచ్చని లోకం నమ్మడం అక్కడి నుంచి మొదలైంది. 1947లో బోదకాలుకు హెట్రజాన్ వచ్చింది. ఏటా ఇంటింటికీ తిరిగి పంచే డీఈసీ మాత్ర అదే. 1948లో సుబ్బారావు కన్నుమూశాడు. ఓడ ఎక్కిన తర్వాత మళ్ళీ ఈ గడ్డ మీద అడుగు పెట్టలేదు.

సత్యలింగ నాయకర్ వీలునామా రాసిన నాటికి ఫోలిక్ యాసిడ్ అన్న పేరే పుట్టలేదు. ఆయన ఇచ్చింది ఒక కుర్రాడి చదువుకు. ఇవాళ కలువాయి పీహెచ్‌సీలో ఏఎన్ఎం ఒక గర్భిణి చేతిలో ఐరన్ ఫోలిక్ యాసిడ్ మాత్రలు పెడితే, అందులో రంగూను రేవు డబ్బు కొంత కలిసి ఉంది. దాతకు ఆ గర్భిణి తెలియదు, ఆమెకు దాత తెలియదు.

ఇంకొకటి కూడా చెబుతాను, త్వరగా. 1902లో ఒక ఇంగ్లీషు యువతి పిచ్చికుక్క కాటుతో చనిపోయింది. దక్షిణాదిలో పిచ్చికుక్క కాటుకు వైద్యం చేసే సంస్థ ఉండాలని అందరూ అన్నారు. అమెరికా ఉక్కు కుబేరుడు కార్నెగీకి భాగస్వామి అయిన హెన్రీ ఫిప్స్ వైస్రాయి కర్జన్ చేతికి పెద్ద మొత్తం ఇచ్చాడు. అందులో కొంత బీహారులోని పూసా వ్యవసాయ పరిశోధనకు పోయింది, కొంత కూనూరులో 1907లో తెరిచిన పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌కు పోయింది. 1918లో అక్కడే ఒక్క గదిలో మెకారిసన్ అనే డాక్టరు బెరిబెరి జబ్బు మీద పరిశోధన పెట్టాడు. ఆ గది పెరిగి పెరిగి 1958లో హైదరాబాదుకు వచ్చింది. ఇవాళ దాన్ని జాతీయ పోషకాహార సంస్థ అంటున్నాం. ఆ సంస్థలోని కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో రాసింది ఏమిటంటే, ఫ్లోరైడు ప్రాంతంలో పిల్లలకు మోకాళ్ళు లోపలికి వంగిపోతున్నాయని. నాగార్జునసాగర్ చుట్టుపక్కల భూగర్భజలం పైకి రావడానికీ దానికీ ఉన్న లంకెను వాళ్ళు వెతికారు. కుక్కకాటు కోసం ఇచ్చిన డబ్బు వంకర కాళ్ళ దగ్గర తేలింది. ఫిప్స్ గారిని అడిగితే ఏమనేవాడో!

ఇప్పుడు మన ఊరి దాత దగ్గరికి వెళ్ళి చందా అడిగామనుకోండి. "నీళ్ళ పరీక్షకా? పిల్లల పళ్ళు లెక్కపెట్టడానికా? అదేం కనిపించే పనబ్బయ్యా! బోరు వేయించమను, రేపు పొద్దున్నే మిషను దించుతా." ఆయన తప్పేమీ లేదు. బోరుకు బోర్డు పెట్టవచ్చు. రిజిస్టరుకు రిబ్బను కట్టలేం. పైగా పరిశోధన అనగానే అది హైదరాబాదులో, అమెరికాలో, తెల్లకోట్ల వాళ్ళ వ్యవహారమని మనకో భయం. నెల్లూరులో ప్రజా వైద్యశాల ఆ భయాన్ని కొంత పోగొట్టింది. కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్య గారి తమ్ముడు డాక్టర్ పుచ్చలపల్లి రామచంద్రారెడ్డి గారు పెట్టిన ఆ ఆసుపత్రిలో పల్లెటూరి కుర్రాళ్ళు వైద్యసహాయం నేర్చుకుని ఊళ్ళకు తిరిగి వెళ్ళారు. డాక్టరు రాని ఊళ్ళో సూదిమందు వేసే చెయ్యి, ఆసుపత్రికి ఎప్పుడు పంపాలో తెలిసిన బుర్ర అలా తయారయ్యాయి. వాళ్ళ మీద డాక్టర్లకు ఎన్ని అభ్యంతరాలున్నా, నేర్పడం కూడా వైద్యంలో భాగమేనని ఈ జిల్లాకు అది చూపించింది.

ఇదంతా ప్రభుత్వం చేయాల్సిన పని కాదా అని మీరంటారు. చేయాల్సిందే. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్ళకు నీళ్ళ పరీక్ష నేర్పి కిట్లు ఇవ్వాలన్నది నియమం. ఫ్లోరైడు పరీక్ష అందులో ఒకటి. నీళ్ళలో రసాయనం చుక్కలు కలిపితే గులాబీరంగు వస్తుంది, ఫ్లోరైడు పెరిగినకొద్దీ అది పసుపువైపు తిరుగుతుంది. పదో తరగతి పిల్ల చేయగలిగిన పని. కిట్టులో రసాయనం అయిపోతే మళ్ళీ తెచ్చేదెవరు, వచ్చిన రంగును ఏ పుస్తకంలో రాస్తారు, రాసినదాన్ని ఎవరు చదువుతారు? దాత చెయ్యి పెట్టగలిగిన సందు అక్కడుంది. ప్రభుత్వం ఇచ్చే దానికి బదులుగా కాదు, ప్రభుత్వం ఇచ్చిందా లేదా అని ఊరు అడగగలిగేటందుకు.

ప్లాంటు కట్టించిన వాళ్ళకు ఒక మాట. మీరు యంత్రం ఇచ్చారు, దాని పొర ఎన్నేళ్ళకు మార్చాలో, ఎవరు మార్చాలో రాసిచ్చారా? ఆర్‌వో యంత్రం ఫ్లోరైడుతో పాటు సున్నాన్ని కూడా తీసేస్తుంది. వదిలేసిన నీళ్ళలో ఫ్లోరైడు చిక్కబడి ఉంటుంది. ఆ నీళ్ళు ఏ కాలువలోకి పోతున్నాయి, అక్కడ గేదె తాగుతోందా? వీటికయ్యే ఖర్చు యంత్రం ఖరీదులో చిన్న భాగం. దాన్ని కూడా విరాళంలో కలిపి ఇవ్వండి.

నన్నడిగితే మొదటి రూపాయి బడికి ఇస్తాను. పిల్లల పళ్ళకు ఒక గుణం ఉంది. శాశ్వతదంతాల మీది పింగాణీ లాంటి పూత సుమారు ఎనిమిదేళ్ళ లోపే ఏర్పడుతుంది. ఆ వయసులో తాగిన నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువైతే గార పట్టినట్టు మచ్చలు పడతాయి, తోమితే పోవు. అంటే పన్నెండేళ్ళ పిల్లవాడు నోరు తెరిస్తే, వాడి చిన్నప్పుడు ఊరి బోరు ఎలా ఉండేదో తెలిసిపోతుంది. ఆ మచ్చల్ని తరగతులుగా లెక్కకట్టే పద్ధతిని అమెరికాలో డీన్ అనే పళ్ళ డాక్టరు 1930లలోనే తయారుచేశాడు. ఒక దంతవైద్య కళాశాల విద్యార్థులు నాలుగు రోజులు వచ్చి మండలంలో అన్ని బడులూ చూస్తే ఏ ఊళ్ళో బోర్లను ముందు పరీక్షించాలో తేలిపోతుంది. వాళ్ళకు అన్నం, బస్సు ఛార్జీలు, అచ్చు వేసిన ఫారాలు. ఒక చిన్న పెళ్ళిలో విస్తళ్ళ ఖర్చు. అయితే ఒక షరతు: పిల్లల పేర్లు బయట పెట్టకూడదు. గార పళ్ళ పిల్లకు సంబంధం కుదరదని ఏడ్చే తల్లులున్న ఊళ్ళివి.

రెండో రూపాయి ఒక మనిషి చదువుకు. ఏఎన్ఎం కూతురో, ఆశా కార్యకర్త కొడుకో ప్రజారోగ్యంలో పీజీ చేస్తానంటే హైదరాబాదులో ప్రజారోగ్య సంస్థలున్నాయి. డాక్టరు చదువుకు అప్పు చేసి అయినా కట్టే తల్లిదండ్రులున్నారు. ప్రజారోగ్యానికి అప్పు చేసి కట్టేవాడు లేడు. ఆ చదువు నుంచి రాబడి ఊరికి వస్తుంది గానీ ఇంటికి తక్కువ వస్తుంది కాబట్టి.

దాతల విషయంలో కూడా జాగ్రత్త కావాలి. నీళ్ళ క్యాన్లు అమ్మే వ్యాపారి నీళ్ళ పరీక్షకు డబ్బిస్తానంటే, ఫలితం ఎవరి చేతిలో ఉండాలో ముందే రాసుకోవాలి. పరీక్ష ఫలితాలు గ్రామ సచివాలయం గోడ మీద అంటించాలి, మంచివైనా, చెడ్డవైనా. డబ్బిచ్చినవాడికి ముందు చూసే హక్కు లేదు, దాచే హక్కు అంతకంటే లేదు. ఈ ఒక్క మాటకు ఒప్పుకోని విరాళాన్ని వద్దనడానికి ఊరు సిద్ధపడాలి. మొహమాటపడితే తర్వాత నష్టపోయేది పిల్లల ఎముకలు.

వినేవాళ్ళలో ఎవరైనా ఈ వేసవిలోనే మొదలుపెడదామనుకుంటే పద్ధతి చెబుతాను. శుభ్రమైన ప్లాస్టిక్ సీసా ఒకటి తీసుకోండి, లీటరుది. గాజుది వద్దు. బోరు కొట్టి లేదా మోటారు వేసి అయిదు నిమిషాలు నీళ్ళు పోనివ్వండి. అవే నీళ్ళతో సీసాను మూడుసార్లు కడిగి, నిండా పట్టి మూత బిగించండి. సీసా మీద చీటీ అంటించి ఊరి పేరు, బోరు ఉన్న చోటు, ఎన్ని అడుగుల లోతు, ఏ తారీఖు అన్నవి పెన్సిలుతో రాయండి. పెన్ను సిరా తడికి చెరిగిపోతుంది. గ్రామీణ నీటి సరఫరా శాఖ వాళ్ళ ప్రయోగశాలలో ఇచ్చి రసీదు తీసుకోండి. వానలు పడ్డాక అదే బోరు నుంచి ఇంకొక సీసా పట్టండి, రెండు అంకెలూ పక్కపక్కన రాయండి. పుస్తకం హైస్కూల్లో సైన్సు మాస్టారి దగ్గర ఉంచండి. ఆయన బదిలీ అయిపోతే తర్వాత వచ్చిన మాస్టారికి అప్పగించమని ముందే చెప్పండి.